కేబుల్ రంగుల వరస నాకు ఎలా గుర్తుందంటే

పర్లాకిమిడిలో ఇంట్లోనే ఉండి కంప్యూటర్ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ ఇచ్చే నెట్‌వర్క్ ప్లస్ పరీక్షకు చదివాను. నెట్‌వర్క్ కేబుల్‌లోని ఎనిమిది తీగల్ని ప్లగ్గు పిన్నుల్లో పేర్చడానికి టీ568ఏ, టీ568బీ అని రెండు పద్ధతులున్నాయి. మాక్ టెస్టు రాసిన ప్రతిసారీ వాటి రంగులు తారుమారయ్యేవి. ఫ్లాష్‌కార్డులు, వల్లెవేయడం, గోడకు చార్టు, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఇంటర్నెట్ పెట్టే అబ్బాయిని అడిగి మూరెడు క్యాట్5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ ముక్క తెచ్చుకున్నాను. తొడుగు ఒలిచి, మెలికలు విప్పి, వేళ్లతో నిమిరి తిన్నగా చేశాను. ముందు కదలని వాటిని పిన్ను నంబర్ల వరసలో పేర్చాను: 4 నీలం, 5 తెల్లనీలం, 7 తెల్లగోధుమ, 8 గోధుమ. ఇవి రెండు పద్ధతుల్లోనూ ఒకటే. ఆ తర్వాత టీ568బీకి 1, 2లో నారింజ జత, 3, 6లో ఆకుపచ్చ జత. టీ568ఏకి ఆ రెండు జతలూ చోట్లు మార్చుకుంటాయి, అంతే. తెల్ల తీగలెప్పుడూ బేసి పిన్నుల్లోనే. ఇది కంటపడ్డాకే నా టెన్షన్ తగ్గింది.

వారం రోజులు పడుకునే ముందు రెండేసిసార్లు పేర్చాను. చేత్తో చేస్తే గుర్తుండేవాళ్లకు ఇది పనికొస్తుందనుకుంటా, అందరికీ అని చెప్పలేను. 10 గిగాబిట్ వేగం క్యాట్6లో 55 మీటర్ల వరకు, క్యాట్6ఏలో 100 మీటర్లు లాంటి అంకెలకు మాత్రం ఇది సాయపడలేదు. వాటిని రాసి రాసే నేర్చుకున్నాను.