విదేశంలో ఉంటూ అమెరికా ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్‌ను పునరుద్ధరించుకోవడం ఎలా?

అమెరికాలో విమానం నడపడం నేర్చుకుని, అక్కడే ఒకటి రెండేళ్లు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి, ఆ తరువాత హైదరాబాదుకో దుబాయికో వచ్చి ఎయిర్‌లైన్ ఉద్యోగంలో చేరిన తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి దగ్గర ఎఫ్ఏఏ, అంటే అమెరికా పౌర విమానయాన సంస్థ, ఇచ్చిన ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉంటుంది. దానిని రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఏటా కొందరైనా నాకు ఫోన్ చేసి, “అన్నా, పునరుద్ధరణ కోసం చేసే రిఫ్రెషర్ కోర్సు పూర్తిచేసి రెండు నెలలైంది, ఎఫ్ఏఏ రికార్డులో ఇంకా పాత తేదీయే ఉందేమిటి?” అని అడుగుతారు. కోర్సు పూర్తిచేయడం పునరుద్ధరణ కాదు. ఈ ఒక్క విషయం తెలియక, కష్టపడి సంపాదించుకున్న సర్టిఫికెట్‌ను చేజార్చుకున్నవారిని చూశాను; ఒకసారి నేనూ పోగొట్టుకున్నాను. హైదరాబాదులో ఉంటూనే ఈ పని అనేకసార్లు చేసినవాడిగా ఏది ఎప్పుడు చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మారిన నిబంధన సంగతి చెప్పాలి. పూర్వం గడువు తేదీ కార్డు మీదనే అచ్చయి ఉండేది. 2024 డిసెంబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ల మీద ఆ తేదీ ఉండదు. అంతమాత్రాన అది జీవితాంతం చెల్లుతుందని అనుకోకూడదు. 24 క్యాలెండరు నెలలకోసారి ఇటీవలి అనుభవాన్ని చూపించాలన్న నియమం అలాగే ఉంది; దీన్నే ఇక్కడ పునరుద్ధరణ అంటున్నాను. ఆ గడువు ఇప్పుడు కార్డు మీద కాక ఎఫ్ఏఏ రికార్డులో ఉంటుంది. కాబట్టి ఎఫ్ఏఏ వెబ్‌సైటులో మీ పేరుతో వెతికి, ఆ తేదీ చూసి, ఇంట్లో రోజూ కళ్ల పడే గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి. ఫోనులో పెట్టుకున్న రిమైండరు ఫోను మారినప్పుడు పోవచ్చు.

పునరుద్ధరణకు మార్గాలు చాలానే ఉన్నాయి. 24 నెలల్లో కనీసం ఐదుగురు అభ్యర్థులను ప్రాక్టికల్ టెస్టుకు, అంటే పరీక్షకుడి ముందు విమానం నడిపి చూపే పరీక్షకు, సిఫారసు చేసి, వారిలో 80 శాతం మంది మొదటిసారే నెగ్గితే సరిపోతుంది. కొత్త ఇన్‌స్ట్రక్టర్ రేటింగు, అంటే మరో రకం శిక్షణ ఇచ్చే అర్హత, సంపాదించినా చాలు. కొందరు మిత్రులు ఈ రెండో దారి పట్టి, అమెరికా వెళ్లినప్పుడల్లా ఒక రేటింగు కలుపుకుంటే రెండు పనులూ తీరతాయంటారు. ఇన్‌స్ట్రుమెంట్, మల్టీ ఇంజిన్ అయిపోయాక మామూలుగా కలుపుకునే రేటింగులే మిగలవు. పైగా సెలవు, వాతావరణం, విమానం, పరీక్షకుడి ఖాళీ అన్నీ ఒకే వారంలో కుదరాలి. విదేశంలో ఉన్నవారిలో చాలామందికి ఆచరణలో ఆన్‌లైన్ రిఫ్రెషర్ కోర్సు ఒక్కటే దారి. మిగిలినవాటి గురించి ఆలోచించి కాలం వృథా చేయకండి.

కావలసినవి కొద్దే: ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు, పైలట్ సర్టిఫికెట్, ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్, ఎఫ్ఏఏ దరఖాస్తుల వ్యవస్థ అయిన ఐయాక్రాలో మీ ఖాతా వివరాలు, ఎఫ్‌టీఎన్ అనే ట్రాకింగ్ నంబరు. ఖాతాకు జోడించిన ఈమెయిలు పాత ఫ్లైయింగ్ స్కూలుదో, ఫోన్ నంబరు అమెరికాలో వదిలేసి వచ్చినదో అయితే ముందే మార్చుకోండి.

కోర్సు ఎఫ్ఏఏ ఆమోదించినదై ఉండాలి, అందులో కనీసం 16 గంటల శిక్షణ ఉంటుంది. రోజుకు ఒక గంట చొప్పున పదహారు రోజులు కూర్చోండి. రెండు రాత్రుల్లో ముగించేవారు గగనతల నిబంధనల్లో వచ్చిన మార్పులు ఒక్కటీ గుర్తుపెట్టుకోరు. డబ్బు కట్టేముందు నిర్వాహకులను ఒక్క ప్రశ్న అడగండి: విదేశీ చిరునామా ఉన్నవారి దరఖాస్తును మీరే ఎఫ్ఏఏకు పంపిస్తారా, గుర్తింపును ఎలా సరిచూస్తారు? దీనికి సూటిగా సమాధానం ఇవ్వని కోర్సు ఎంత చవకైనా కొనకండి.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి. కోర్సు ముగియగానే వచ్చే పత్రం కేవలం అర్హతకు రుజువు. ఆ రుజువుతో ఐయాక్రాలో 8710-1 దరఖాస్తు నింపాలి, అధికారం ఉన్న వ్యక్తి మీ గుర్తింపును సరిచూసి దానిమీద సంతకం చేయాలి, అప్పుడే అది ఎఫ్ఏఏ రిజిస్ట్రీకి చేరుతుంది. చాలా కోర్సుల వారి దగ్గర ఈ అధికారం ఉన్న ప్రతినిధులు ఉంటారు, కొంత రుసుము తీసుకుని ఈ పని చేసిపెడతారు. ఆ రుసుము మిగుల్చుకోవాలని చూడకండి. పత్రం కూడా మూడు క్యాలెండరు నెలలే పనికివస్తుంది, ఆ తరువాత కోర్సు మళ్లీ మొదటినుంచి చేయాలి.

నెలల లెక్కలో పొరపాటు చాలామంది చేస్తారు. ఉదాహరణకు మీ గడువు 2026 అక్టోబరు చివరికి ముగుస్తుందనుకోండి. జులై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎప్పుడు పునరుద్ధరించుకున్నా, అక్టోబరులోనే చేసినట్టు లెక్కించి 2028 అక్టోబరు చివరి వరకు గడువు ఇస్తారు. తొందరపడి జూన్‌లో చేస్తే 2028 జూన్‌తోనే ముగుస్తుంది, నాలుగు నెలలు ఊరికే పోతాయి. కాబట్టి జులై మొదటి వారంలో కోర్సు మొదలుపెట్టి, ఆగస్టులో దరఖాస్తు పంపాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు తప్పులు దిద్దుకోవడానికి మాత్రమే. గడువు దాటినా కొత్త నిబంధన ప్రకారం ఇంకో మూడు క్యాలెండరు నెలలు, అంటే 2027 జనవరి చివరి వరకు, రిఫ్రెషర్ కోర్సుతోనే తిరిగి తెచ్చుకునే వీలుంది. కానీ ఆ మధ్యకాలంలో ఇన్‌స్ట్రక్టరుగా ఎవరికీ శిక్షణ ఇవ్వకూడదు, ఎండార్స్‌మెంట్, అంటే విద్యార్థి లాగ్‌బుక్‌లో సంతకంతో ఇచ్చే ధ్రువీకరణ, రాయకూడదు. అదీ దాటితే ప్రాక్టికల్ టెస్టు తప్పదు.

రెండో చిక్కు పేరు. ఇది ముఖ్యంగా మన తెలుగువారి చిక్కు. దరఖాస్తులోని పేరు సర్టిఫికెట్ మీద ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి, గుర్తింపు కోసం చూపే పాస్‌పోర్టూ దానితో ఏకీభవించాలి. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకొకచోట ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అదే ఎఫ్ఏఏ రికార్డులోకీ ఎక్కుతుంది. నా ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరం. 2018లో పాస్‌పోర్టు పునరుద్ధరించినప్పుడు అది పూర్తిగా విడదీసి వచ్చింది. అప్పుడు నేను గర్వంగా కొత్త పాస్‌పోర్టు స్కాన్ పంపాను, దరఖాస్తు వెనక్కి వచ్చింది. అప్పటికి గడువు తొమ్మిది రోజులే ఉంది. ఆ రోజుల్లో మూడు నెలల వెసులుబాటు లేదు. సర్టిఫికెట్ పోయింది. తిరిగి దానికోసం ఫ్లోరిడా వెళ్లి, ఆరు రోజులు సాధన చేసి, ప్రాక్టికల్ టెస్టు నెగ్గి తెచ్చుకున్నాను.

కాబట్టి ఐయాక్రా తెరిచేముందే రెండు పత్రాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరం మీద పెన్సిల్ మొన ఆనించి పోల్చండి. మధ్య పేరు లేకపోతే ఎన్ఎంఎన్ అని రాయాలి, ఖాళీగా వదలకూడదు. తేడా ఉంటే దానికి వేరే దారి ఉంది: ఉన్న సర్టిఫికెట్‌తోపాటు వివాహ పత్రం, కోర్టు ఉత్తర్వు వంటి పేరు మార్పు రుజువుతో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. అది పునరుద్ధరణకు ఏడాది ముందు చేసుకోవలసిన పని. నోటరీ చేసిన గుర్తింపు పత్రం కావాలని కోర్సు వారు అడిగితే, మన కోర్టు దగ్గర నోటరీ సరిపోతుందో, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లాలో వారితో రాతపూర్వకంగా చెప్పించుకోండి. కాన్సులేట్‌లో ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ఒక్కో ముద్రకు 50 డాలర్లు కట్టాలి.

మూడోది చిరునామా. శాశ్వత చిరునామా మారితే 30 రోజుల్లోగా ఎఫ్ఏఏకు తెలపాలి. పోస్టు బాక్సు ఇస్తే నివాసం వివరాలూ ఇవ్వాలి. అమెరికాలో నివాస చిరునామా లేనివారు ఇప్పుడు అక్కడ ఒక ఏజెంటును నియమించుకోవాలి. ఎఫ్ఏఏ పంపే అధికారిక పత్రాలు మీ తరఫున వారికి చేరతాయి. 2025 జులై 7 నుంచి ఏజెంటు లేకుండా సర్టిఫికెట్ అధికారాలు వినియోగించుకోకూడదు. 18 ఏళ్లు నిండి, అమెరికాలో నివాసమున్నవారెవరైనా ఏజెంటుగా ఉండవచ్చు, పోస్టు బాక్సు మాత్రం కుదరదు. మనలో చాలామందికి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బావమరిదో పిన్ని కొడుకో ఉంటారు. వారికి ముందుగా చెప్పి, బాధ్యత ఏమిటో వివరించి, ఒప్పుకున్నాకనే పేరు ఇవ్వండి. కొందరు ఈ తతంగం తప్పించుకోవడానికి బంధువుల ఇంటినే తమ నివాసంగా రాస్తారు. అది అబద్ధపు దరఖాస్తు, అలా చేయవద్దు.

సంతకం అయ్యాక తాత్కాలిక సర్టిఫికెట్ వస్తే ముద్రించి పెట్టుకోండి. అది 120 రోజులు చెల్లుతుంది. తరువాత వారానికోసారి ఎఫ్ఏఏ రికార్డు తెరిచి, కొత్త తేదీ కనిపించేవరకు చూస్తూ ఉండండి. కనిపించిన రోజునే ఆ పేజీని ముద్రించి లాగ్‌బుక్‌లో పెట్టుకోండి. పైలట్లు రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టరుతో చేయవలసిన ఫ్లైట్ రివ్యూ విషయంలో మాత్రం పొరపాటు పడకండి: ఈ పునరుద్ధరణ వల్ల అందులోని ఒక గంట గ్రౌండ్ శిక్షణ నుంచి మాత్రమే మినహాయింపు లభిస్తుంది, విమానంలో గంట ఎగరడం ఎప్పటిలాగే ఉంటుంది.