బట్టలకు బూజు పట్టకుండా – 2వ పాఠం: బీరువాలో తేమ కొలవడం

పోయిన పాఠంలో బూజుకు ఏం కావాలో చూశాం. తినడానికి గంజి, చెమట, కూర మరక, బతకడానికి తేమ. గంజి మానేయమంటే నేత చీరలు కట్టేవాళ్లు వినరు, వినాల్సిన పని కూడా లేదు. మన చేతిలో ఉన్నది తేమ. దాన్ని ముందు కొలవాలి.

తేమ కొలిచే మీటరును హైగ్రోమీటర్ అంటారు. గాలి నిండా మోయగల ఆవిరిలో ఇప్పుడు నూటికి ఎంత ఉందో అది చూపుతుంది. నల్లగొండ, పాలమూరు దిక్కు మే నెల మధ్యాహ్నం ఆ మీటరు చాలా రోజులు 30 కూడా దాటదు. అందుకే బీరువా సంగతి ఎవరూ పట్టించుకోరు. మృగశిర దాటి ముసురు పట్టిందంటే అదే మీటరు 80 దగ్గర నిలబడుతుంది. 60 లోపుంటే బట్టలకు భయం లేదు. 70 పైన రోజుల తరబడి ఉంటే బూజు పట్టే భయం ఉంటుంది.

చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. అయితే కొత్తదైనా ఐదారు అంకెల తేడా చూపొచ్చు. నమ్మేముందు ఉప్పుతో పరీక్షించండి. నీళ్ల సీసా మూత నిండా సన్న ఉప్పు పోసి, చుక్కచుక్కగా నీళ్లు వేయండి. తడి ఇసుకలా ముద్ద కావాలి, పైన నీళ్లు తేలకూడదు. తేలితే ఇంకొంచెం ఉప్పు కలపండి. ఆ మూతనూ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా, బిగుతు మూత ఉన్న పారదర్శక డబ్బాలో రాత్రంతా ఉంచండి. ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. తెల్లారి డబ్బా తెరవకుండానే అంకె చదవండి. మూసిన డబ్బాలో తడి ఉప్పు గాలి తేమను 75 దగ్గరే నిలుపుతుంది. మీటరు 70 చూపితే ఇక మీద ఐదు కలుపుకోవాలి; 79 చూపితే నాలుగు తీసేయాలి. ఆ తేడా మీటరు వెనకే రాసి పెట్టండి, లేకపోతే వారానికే మర్చిపోతారు.

గది నడుమ కొలిచి ఊరుకోవద్దు. గదిలో 30 డిగ్రీల వేడి, 70 తేమ ఉన్నాయనుకోండి. అదే గాలి బాత్రూం పక్క గోడను తాకి 26 డిగ్రీలకు చల్లబడితే అక్కడ తేమ 88 అవుతుంది. కొత్తగా నీళ్లేమీ రాలేదు. చల్లబడ్డ గాలి ఆవిరిని అంతగా మోయలేదు. గోడలో కట్టిన గూళ్లలోనూ, గోడకు ఆనించిన బీరువాలోనూ అన్నిటికంటే కింది అర వెనక మూలకే మొదట బూజు కనిపించేది ఇందుకే. మీటరును ఆ మూలలో పెట్టి, తలుపు మూసి, రెండు గంటలయ్యాక చూడండి. బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. గూట్లోనైతే బట్టలను వెనక గోడకు తగలనీయకుండా, కింది బండ మీద చెక్క పలక వేసి సర్దండి.

ఇప్పుడు ఒక లెక్క. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గదిలోని గాలి 30 డిగ్రీల దగ్గర నిండా మోసినా ఒకటింపావు లీటరు నీటినే ఆవిరిగా మోస్తుంది. మీటరు 70 చూపుతుందంటే అందులో ముప్పావు లీటరుకు పైనే అప్పటికే ఉంది. మిషన్‌లో పిండిన ఒక వాయి బట్టల్లో రెండు లీటర్ల దాకా నీళ్లుంటాయి. వాన పడుతుందని గదిలో దండెం కట్టి కిటికీలు మూస్తే ఆ నీళ్లు ఎటు పోవాలి? గోడల్లోకి, పరుపులోకి, బీరువాలో ఆరిన బట్టల్లోకి. కాబట్టి ముసురులో వసారాలోనే ఆరేయండి. గది తప్పకపోతే కిటికీ తెరిచి ఫ్యాను వేయండి, ఆ గదిలో బీరువా ఉండొద్దు. కూలర్‌ది కూడా ఇదే సంగతి. వానాకాలంలో అది గదిని పెద్దగా చల్లబరచదు, నీళ్లు మాత్రం గాలిలోకి నింపుతుంది.

బీరువా తలుపులు తీయడానికి మంచి వేళ వాన తెరిపిచ్చి ఎండ కాసే రోజు పదకొండు, మూడు గంటల మధ్య. పొద్దుగాల బయటి గాలిలోనే తేమ ఎక్కువ.

మడతపెట్టే ముందు గద్వాల చీరను చూడండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ఆరింది కదా అని మడతేస్తారు. తాకితే పొడిగా అనిపించే పట్టు కూడా తన బరువులో పదో వంతు దాకా తేమను దాచుకుంటుంది. అంచును చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. ఇస్త్రీ చేసిన బట్టలను గంటసేపు బయట ఉంచాకే లోపల పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, పాత నూలు పంచెలో చుట్టండి. కలరా ఉండలు పురుగుల కోసం, అవి తేమను తగ్గించవు.

ఈ వారం పని: కింది అర వెనక మూలలో, గది నడుమ, పొద్దుగాల ఏడింటికీ మధ్యాహ్నం రెండింటికీ, మూడు రోజులు అంకెలు రాయండి. రెండు చోట్లకూ తేడా పదికి మించితే బీరువా చోటు మార్చి మళ్లీ కొలవండి. వచ్చే పాఠంలో తేమను పీల్చే సిలికా జెల్ ఎంత పెట్టాలో ఆ అంకెలతోనే లెక్క కడతాం.