మెతుకు పట్టి చూద్దాం – సండేస్కూల్ పుస్తకాల ఎంపిక: మూడో పాఠం

కిందటి పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ సండేస్కూల్ పిల్లల పేర్లు వరసగా రాసి, ఒక్కొక్కరి పక్కన వయసు, బడిలో తెలుగు మీడియమా ఇంగ్లీష్ మీడియమా, ఇంట్లో బైబిల్ చదివేవాళ్ళు ఉన్నారా అనేది రాసుకోమన్నాను. ఆ కాగితం ఇవాళ కావాలి. దాంతోపాటు బైబిల్, ఒక పెన్సిల్, మీ సంఘం కొందామనుకుంటున్న పుస్తకం ఒక్క కాపీ దగ్గర పెట్టుకోండి. ఒక్క కాపీయే. మిగతావి ఈ పాఠం అయ్యాక కొనొచ్చు.

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక మెతుకు పట్టి చూస్తాం. పాఠాల పుస్తకానికీ అంతే. యాభై రెండు పాఠాలూ చదివే తీరిక మనలో ఎవరికీ ఉండదు. వారమంతా ఉద్యోగం, ఇంటిపని, శనివారం రాత్రి మాత్రమే దొరికే గంట. అందుకే ఒక్క పాఠాన్ని గట్టిగా పట్టి చూడటం నేర్చుకోవాలి.

నేను ఎప్పుడూ పట్టి చూసే మెతుకు జక్కయ్య కథ. లూకా సువార్త 19వ అధ్యాయం, మొదటి పది వచనాలు. పిల్లల పుస్తకాల్లో ఈ కథ ఎక్కువగా ఉంటుంది, పిల్లలకు ఇష్టం కూడా. పైగా దీన్ని తప్పుగా చెప్పడం చాలా తేలిక. రాసినవాళ్ళు ఎంత జాగ్రత్తగా చదివారో ఇక్కడే తెలిసిపోతుంది.

ముందు బైబిల్, తర్వాత పుస్తకం

పుస్తకం ఇంకా తెరవకండి. ఆ పది వచనాలు రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసుకోండి. యేసు యెరికోలో నడిచి వెళ్తున్నాడు. జక్కయ్య సుంకపు గుత్తదారుడు, అంటే పన్నులు వసూలు చేసేవాడు, డబ్బున్నవాడు. పొట్టివాడు కావడంతో జనంలో యేసు కనబడలేదు, ముందుకు పరుగెత్తి చెట్టెక్కాడు. యేసు పైకి చూసి పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. అతను దిగి సంతోషంగా చేర్చుకున్నాడు. జనం సణుక్కున్నారు. అప్పుడు జక్కయ్య నిలబడి, నా ఆస్తిలో సగం బీదలకు ఇస్తున్నాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగి ఇస్తాను అన్నాడు.

ఆ వరస చూడండి. పిలుపు ముందు, నాలుగంతలు తర్వాత. నీ ఇంటికి వస్తానని యేసు అన్నప్పటికి జక్కయ్య ఇంకా ఏ మాటా ఇవ్వలేదు.

ఇప్పుడు పుస్తకం తెరిచి, కథ కింద 'ఈ రోజు నేర్చుకున్నది' అని పెట్టె కట్టి ఇచ్చిన వాక్యం చదవండి. కొన్నేళ్ళ కిందట మా సంఘం కొన్న ఒక రంగుల పుస్తకంలో అక్కడ ఇలా ఉంది: మనం మంచి పిల్లలుగా ఉంటే యేసు మన ఇంటికి వస్తాడు. బొమ్మలు బాగున్నాయని, కాగితం దళసరిగా ఉందని మేం నలభై కాపీలు తెచ్చాం. ఎవరమూ లోపల చదవలేదు. ఆ ఆదివారం పాఠం అయ్యాక పిల్లలందరూ వెళ్ళిపోయినా ఒక పాప చాప చివర అలాగే కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న తాగొచ్చి రోజూ గొడవ పడతాడని వీధిలో అందరికీ తెలుసు. దగ్గరికి వెళ్తే, "అయితే మా ఇంటికి రాడు కదా టీచర్" అంది.

నేను ఆ పాప పక్కనే కూర్చుని ఏడో వచనం చదివి వినిపించాను. "ఈయన పాపియైన మనుష్యునియొద్ద బస చేయ వెళ్లెనని" జనం సణిగిన మాట అది. ఎవరి ఇంటికి వెళ్ళకూడదని ఊరంతా అనుకుందో ఆ ఇంటికే ఆయన వెళ్ళాడమ్మా అని చెప్పాను. పాప ఆ పుస్తకంలోని వాక్యం మీద వేలు పెట్టి, మరి ఇదేంటి అన్నట్టు నా వైపు చూసింది. నలభై కాపీల్లోనూ ఆ వాక్యం కొట్టేసి పెన్నుతో వేరే వాక్యం రాశాం. ఆ రోజు నుంచి పెట్టెలో వాక్యం చదవకుండా నేను ఏ పుస్తకమూ కొననివ్వలేదు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకోండి. పాఠంలో దేవుడో యేసో ఏదైనా చేసిన మాట వచ్చినచోట సున్నా చుట్టండి. 'మనం ఇలా ఉండాలి, అలా చెయ్యాలి' అన్నచోట గీత గీయండి. గీతలు పది, సున్నా ఒక్కటీ లేదంటే అది నీతికథల పుస్తకం, బైబిల్ పేర్లు మాత్రం వాడుకుంది. అన్నీ సున్నాలే ఉండి గీత ఒక్కటీ లేకపోయినా అనుమానించాలి. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట కూడా లూకా రాసిందే. కొట్టుకొచ్చిన పెన్సిల్ తిరిగి ఇవ్వడం గురించి ఎనిమిదేళ్ళ పిల్లవాడితో మాట్లాడటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. నాకు కావలసింది రెండూ ఉండటం, లూకా పెట్టిన వరసలో ఉండటం.

వివరాల తప్పులు పట్టడానికి పది నిమిషాలు చాలు. క్రిస్మస్ పాఠంలో జ్ఞానులు ముగ్గురని ఖాయంగా రాశారా? మత్తయి లెక్క చెప్పలేదు, వాళ్ళు వచ్చింది ఇంటికి. యోనాను మింగినది తిమింగలమని ఉందా? యోనా గ్రంథంలో ఉన్నది గొప్ప మత్స్యము. ఏదెను తోటలో ఆపిల్ పండు బొమ్మ వేశారా? ఆదికాండం పండు పేరే చెప్పదు. ఇలాంటివి ఒకటి రెండు ఉంటే టీచర్ సరిదిద్దుకోవచ్చు. పేజీ పేజీకీ ఉంటే రాసినవాళ్ళు బైబిల్ పక్కన పెట్టుకుని రాయలేదని అర్థం.

చెట్టు బొమ్మ

జక్కయ్య ఎక్కిన చెట్టు ఏది? మన తెలుగు బైబిల్లో 'మేడిచెట్టు' అని ఉంది. అక్కడి చెట్టు అత్తి జాతిది. మన మేడి దానికి దగ్గరి చుట్టం. రెండింటికీ కాయలు మొద్దుకే గుత్తులు గుత్తులుగా కాస్తాయి. బళ్ళో మేడిపండు పద్యం చదువుకున్న పిల్లలకు ఆ పేరు చెప్పగానే కళ్ళు వెలుగుతాయి. ఒకసారి నేను చెరువు గట్టు మీది మేడికొమ్మ కాయలతో సహా తెచ్చి బల్ల మీద పెట్టాను. పిల్లలు కాయలు చీల్చి లోపల పురుగులు వెతికారు. పైకి బాగున్నా లోపల ఇంకోలా ఉన్న మనిషి కథ వాళ్ళకు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మీ పుస్తకంలో బొమ్మ చూడండి. చాలా పుస్తకాల్లో అది మనం ఎప్పుడూ చూడని చల్లటి దేశపు చెట్టు. కింద నిలబడ్డ యేసుకు నీలికళ్ళు, బంగారు జుట్టు. యేసు ఎండకు పుట్టి పెరిగిన పశ్చిమాసియా యూదుడు. ఆయన్ను తెల్లదొరలా గీసిన పుస్తకం మన పిల్లల చేత అబద్ధం నమ్మిస్తోంది. ఒక్క బొమ్మకే పుస్తకం పారెయ్యమని అనను. రెండు పుస్తకాలు అన్నింట్లో సమానంగా ఉంటే మాత్రం, మనుషుల్ని మనుషుల రంగులో గీసినదాన్నే తీసుకోండి.

రంగు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రంగు కాగితాలతో రక్షణ గురించి చెప్పే పద్ధతి మన వి.బి.ఎస్.లలో (సెలవుల్లో పిల్లలకు పెట్టే వెకేషన్ బైబిల్ స్కూళ్ళలో) ఎప్పటినుంచో ఉంది. అందులో నలుపు పాపానికి, తెలుపు శుభ్రమైన హృదయానికి గుర్తు. ఇంట్లో, బళ్ళో, పెళ్ళిళ్ళలో 'నల్లపిల్ల' అనిపించుకుంటున్న పాప ఆ కాగితం చూసి ఏమనుకుంటుందో ఆలోచించండి. నేనైతే ఆ నల్ల కాగితం వాడను. పాపం గురించి చెప్పడానికి ముడిపడిన దారం తీసుకెళ్తాను. పిల్లలు విప్పబోతారు, ఇంకా బిగుస్తుంది. అంతకంటే స్పష్టంగా ఏ రంగూ చెప్పదు.

పైకి చదివి వినిపించండి

ఇది ఎక్కువమంది వదిలేసే పని, నా లెక్కలో అన్నింటికంటే ముఖ్యమైనది. పాఠాన్ని మీ కాగితంలోని ఒక్క పిల్లవాడికి, ఆరేడేళ్ళవాడికి, పైకి చదివి వినిపించండి. ఎక్కడ ముఖం చిట్లిస్తాడో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. జక్కయ్య పాఠం చదువుతూ ఉంటే ఒకడు నన్ను ఆపి, "పన్నులు ఎందుకు వసూలు చేస్తాడు, ఊడిపోయినవా?" అని అడిగాడు. వాడికి ముందు పళ్ళు ఊడి నెల కూడా కాలేదు. పన్ను అంటే వాడికి తెలిసింది నోట్లో ఉన్నదే. పుస్తకం రాసినవాళ్ళకు ఈ సంగతి తట్టి ఉంటే 'సంతలో గేటు దగ్గర డబ్బు వసూలు చేసేవాళ్ళలాగా' అని ఒక ముక్క కలిపేవాళ్ళు.

కంఠత వాక్యాల్లో ఇది మరీ ఎక్కువ. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అనే మాట ఇంగ్లీష్ మీడియం పిల్లలు చాలామంది 'నాకు ఏమీ కలుగదు' అని అప్పజెప్తారు. లేమి అనే మాట వాళ్ళు ఎక్కడా వినలేదు మరి. మంచి పుస్తకం ఆ వాక్యం కిందే చెప్తుంది, లేమి అంటే లేకపోవడం, అవసరమైనది నాకు లేకుండా పోదు అని. అలా చెప్పని పుస్తకం పిల్లవాడి నోటికి మాట ఇచ్చి చెవికి అర్థం ఇవ్వలేదు.

మరి వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదంలోనే కంఠత పెట్టించవచ్చు కదా అని అడుగుతారు. నా అభిప్రాయం వేరు. సంఘంలో పాస్టర్ గారు చదివే బైబిల్, ఇంట్లో నాయనమ్మ చెప్పే వాక్యం, పిల్లవాడి నోట్లో ఉన్న వాక్యం ఒకటే అయితే ముగ్గురూ కలిసి చెప్పగలరు. కంఠత మీ సంఘం చదివే బైబిల్ మాటల్లో ఉండనివ్వండి. వివరణ మాత్రం వాడుక తెలుగులో, వాళ్ళు అన్నం దగ్గర మాట్లాడుకునే తెలుగులో ఉండాలి.

చదవలేని పిల్లల కోసం ఏముందో కూడా చూడండి. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రేక్స్ సండేస్కూల్ పెట్టింది వారమంతా పనికి పోయే పిల్లలకు చదువు చెప్పడానికి. ఇవాళ మన దగ్గర తెలుగు అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు సండేస్కూల్ మళ్ళీ ఆ పనే చేస్తోంది. పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు, ఒక పేజీకి ఒక్క బొమ్మ ఉన్న పుస్తకం వాళ్ళకు కావాలి.

ఎవరు వేసిన పుస్తకం?

అట్ట వెనక చూడండి. ఏ సంఘంవాళ్ళు వేశారో తెలిస్తే ఏ పాఠాలు జాగ్రత్తగా చదవాలో తెలుస్తుంది. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హేయర్ గారి లూథరన్ వారసత్వంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. ఒంగోలు బాప్టిస్టుల వారసత్వం అలా కాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్ళంతా తమ నోటితో విశ్వాసం ఒప్పుకున్నవాళ్ళు. రెండూ మన నేల మీదివే, రెంటినీ నేను గౌరవిస్తాను. కానీ బాప్తిస్మం పాఠం ఒక సంఘం పుస్తకంలో చదివి, ఆరాధనలో వేరే పద్ధతి చూసిన పిల్లవాడికి ఎవరూ జవాబు చెప్పకపోతే వాడు తికమకపడతాడు. బాప్తిస్మం, ప్రభువు బల్ల, పరిశుద్ధాత్మ, ఈ మూడు పాఠాలు పాస్టర్ గారికి చూపించకుండా కొనకండి.

ఇంకొక్క సంగతి, దీనిలో నేను రాజీపడను. వి.బి.ఎస్.కు పక్కింటి పిల్లలు కూడా వస్తారు, వాళ్ళలో చాలామంది క్రైస్తవులు కారు. వాళ్ళ ఇంటి దేవుళ్ళను, పండుగలను ఎగతాళి చేసే బొమ్మ గానీ వాక్యం గానీ ఒక్కటి కనబడినా ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. మన పిల్లలు రేపు బళ్ళో ఆ పిల్లల పక్కనే కూర్చోవాలి.

లెక్క

విదేశీ పుస్తకం నుంచి తెలుగు చేసినవాటిలో చేతిపనులు చూస్తే టెన్షన్ వస్తుంది. పేపర్ ప్లేట్లు, మెరుపుల జిగురు, అంటించే బొమ్మకళ్ళు. పిల్లవాడికి వారానికి పది రూపాయలు అనుకున్నా, నలభై మందికి, యాభై రెండు వారాలకు 20,800 రూపాయలు. చిన్న సంఘం అంత పెట్టలేదు. పెట్టగలిగినా పిల్లల టిఫిన్‌కు పెట్టడం మంచిది. చీపురుపుల్లలు, పాత క్యాలెండర్లు, కొబ్బరి చిప్పలు, తాటాకు, బంకమట్టి, వీటితో ఆ చేతిపని అవుతుందా అని చూడండి. అవుతుందంటే తీసుకోండి. గైడ్‌లో పాఠానికి గంటన్నర కేటాయించి ఉంటే, ఆరాధనకు ముందు మీకు దొరికే నలభై అయిదు నిమిషాల్లో ఏం వదిలేస్తారో ముందే గుర్తు పెట్టుకోండి. కథ మాత్రం వదలకండి.

ఈ వారం పని

మీ దగ్గరున్న పుస్తకంలో జక్కయ్య పాఠం తీయండి, లేకపోతే తప్పిపోయిన గొర్రె పాఠం. బైబిల్లో వరస రాసుకుని, సున్నాలూ గీతలూ పెట్టండి. ఒక పిల్లవాడికి చదివి వినిపించి చుక్కలు పెట్టండి. తర్వాత పెట్టెలోని వాక్యాన్ని మీ సొంత మాటల్లో, పన్నెండు మాటలు మించకుండా తిరగరాయండి. మీ కాగితంలో ఇంట్లో బైబిల్ లేని పిల్లల పేర్లు చూసి, వాళ్ళలో ఒకరికి ఆ వాక్యం వినిపించి, ఏమర్థమైందో అడగండి. వాళ్ళు చెప్పిన జవాబు మీ మాటల్లోకి మార్చకుండా ఉన్నదున్నట్టు రాసి ఉంచండి. నాలుగో పాఠం ఆ జవాబుతోనే మొదలుపెడదాం.