వాక్యూమ్‌కి ముందు ఒక పెయింట్ బకెట్

ఇంట్లో చెక్కపని చేసేవాళ్లకి ఒక మాట. చెక్కపొట్టు పీల్చే వాక్యూమ్ క్లీనర్ సరిగ్గా లాగడం లేదని పెద్ద మోటారు కొనేయకండి. ముందు ఫిల్టర్ తీసి చూడండి. మడతల మధ్య ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) పొడి పిండిలా పట్టేసి ఉంటుంది, ఇక గాలి ఎలా ఆడుతుంది?

20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ మూతకి సైక్లోన్ సెపరేటర్ (గాలిని సుడి తిప్పి పొట్టుని వేరుచేసే గరాటులాంటి పరికరం) బిగించి, చెక్క కోసే మెషీన్‌కీ వాక్యూమ్‌కీ మధ్యలో పెట్టండి. గాలి సుడి తిరిగేటప్పుడు పొట్టు అంచుకి కొట్టుకుని బకెట్‌లోకి జారిపోతుంది. బిగించిన చోట చుట్టూ సిలికాన్ పూయండి. సన్నటి సందున్నా చాలు, పడిన పొట్టు మళ్లీ లేచి ఫిల్టర్‌లోకే పోతుంది. బకెట్ మందంగా ఉండాలి. పల్చటిదైతే పైపు మూసుకుపోయినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది, నాదొకటి అలాగే పోయింది. పైపు వీలైనంత పొట్టిగా ఉంచండి.

మెత్తటి పొడి కొంత తప్పించుకుంటుంది, ఊపిరితిత్తులకి చేటు చేసేది అదే. మాస్క్ మాత్రం తీయొద్దు.