నేపాల్‌లో రాఫ్టింగ్, కయాకింగ్: మొదటిసారి వెళ్తుంటే ఏం చేయాలి?

రాఫ్టింగ్ అంటే గాలి నింపిన రబ్బరు పడవలో నలుగురితో కలిసి తెడ్లు వేస్తూ నది మీద వెళ్లడం. కయాకింగ్ అంటే సన్నటి చిన్న పడవలో ఒక్కరే వెళ్లడం. ముందు నెల ఖాయం చేసుకోండి, నది సంగతి తర్వాత. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకు అక్కడి నదులు పోటెత్తి ఉంటాయి. అక్టోబరు, నవంబరు మంచి నెలలు. లేదంటే మార్చి, ఏప్రిల్. దసరా సెలవుల్లో వెళ్తే మాత్రం బస్సుల్లో సీట్లు దొరకడం కష్టం, వాళ్ల దసైన్ పండగ కూడా అప్పుడే.

మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ ఒక్కటే పట్టుకుని బయల్దేరకండి.

ఇక నది. నీళ్లు రాళ్ల మీదుగా ఉరకలేసే చోట్లను ర్యాపిడ్లు అంటారు. ఉరవడిని బట్టి వాటికి 1 నుంచి 6 దాకా గ్రేడ్లు ఇస్తారు, 6 అన్నిటికన్నా కష్టం. మొదటిసారికి త్రిశూలి చాలు. కాఠ్మాండూ నుంచి పోఖరా వెళ్లే దారి పక్కనే పారుతుంది, ఎక్కువగా 3వ గ్రేడు, ఒక్క రోజులో అయిపోతుంది. టిబెట్ వైపు నుంచి దూకే భోటేకోశి 4, 5 గ్రేడ్ల నది. ఫొటోలు చూసి దాని జోలికి పోకండి. సున్‌కోశి మీద 270 కిలోమీటర్లు, వారం పైనే పడుతుంది, రాత్రిళ్లు ఇసుక తిన్నెల మీద టెంట్లలో పడుకోవాలి. అది రెండోసారికి ఉంచుకోండి.

డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "రాఫ్ట్ వెంట సేఫ్టీ కయాక్ వస్తుందా?" నీళ్లలో పడ్డవాళ్లను అందుకోవడానికి వెంట వచ్చే కయాక్ అది. నీళ్లు నమిలితే ఎంత చవకైనా వద్దు.

జీన్స్ వద్దు, తడిస్తే బరువు, చలి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. కళ్లజోడుకు తాడు కట్టండి. లైఫ్ జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచిందంటే ఇంకా బిగించాలి. ఈత రాకపోతే సిగ్గుపడకుండా గైడ్‌కు ముందే చెప్పండి.

తెడ్డు పై కొసన అడ్డంగా చిన్న పిడి ఉంటుంది. ఒక అరచెయ్యి ఎప్పుడూ దాన్ని మూసే ఉండాలి. కుదుపులో చెయ్యి జారితే ఆ పిడి పక్కవాళ్ల పళ్లకు తగులుతుంది.

నీళ్లలో పడ్డారా, వెల్లకిలా తిరగండి. కాళ్లు ముందుకు, ప్రవాహం వెళ్లే వైపు, బొటనవేళ్లు నీటిపైన కనబడాలి. ఉరవడిలో నిలబడాలని మాత్రం చూడకండి. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీళ్లే మనిషిని ముంచేస్తాయి. గైడ్ సంచిలో చుట్టిపెట్టిన తాడు విసిరితే తాడునే పట్టుకోండి, సంచిని కాదు.

కయాక్ నేర్చుకోవాలంటే పోఖరా దగ్గరి సేతి నదిలో నాలుగు రోజుల శిక్షణలు దొరుకుతాయి. అక్కడి నీళ్లు మరీ చల్లగా ఉండవు. పడవతో సహా బోల్తాపడి మళ్లీ పైకి లేచే "రోల్" నాలుగు రోజుల్లో అందరికీ రాదు, టెన్షన్ పడకండి. మొదటి రోజు నేర్పేది బయటపడటమే. నడుముకు తొడుక్కుని పడవ నోటికి బిగించే స్కర్టుకు ముందువైపు ఒక పట్టీ ఉంటుంది. తలకిందులైనప్పుడు దాన్ని లాగితేనే బయటికొస్తారు. అది లోపలికి మడతపడిపోలేదు కదా అని బయల్దేరే ముందు ప్రతిసారీ చేత్తో తడిమి చూసుకోండి.