స్ట్రీమింగ్ నుంచి ఈస్పోర్ట్స్ కామెంటరీకి ఎలా వెళ్ళాలి

"రెండేళ్ళుగా స్ట్రీమ్ చేస్తున్నాను, గంటల తరబడి ఆపకుండా మాట్లాడగలను, ఇక టోర్నమెంట్లకి కామెంటరీ చెప్పొచ్చు కదా" అని చాలామంది అడుగుతుంటారు. చెప్పొచ్చు. కానీ స్ట్రీమ్‌కి వచ్చేవాళ్ళు మీ కోసం వస్తారు, మ్యాచ్‌కి వచ్చేవాళ్ళు ఆడేవాళ్ళ కోసం వస్తారు. ఈ తేడా నా బుర్రకెక్కడానికి చాలా రోజులు పట్టింది. మీకు అన్ని రోజులు పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నా మొదటి క్యాస్ట్, అంటే మ్యాచ్‌కి కామెంటరీ చెప్పడం, ఒక చిన్న ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో, గేమ్ కౌంటర్ స్ట్రైక్: ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండోది ఆపాలి. మర్నాడు కూర్చుని రికార్డింగ్ విన్నాను. ఆఖరి రౌండ్, బాంబు పెట్టేశారు, ఒక్కడే మిగిలాడు, అతను బాంబు దగ్గరికి చేరి డిఫ్యూజ్, అంటే పేలకుండా చెయ్యడం, మొదలుపెట్టాడు. ఆ గేమ్‌లో బాంబు పెట్టాక పేలడానికి 40 సెకన్లు, డిఫ్యూజ్ చెయ్యడానికి కిట్ ఉంటే 5 సెకన్లు, లేకపోతే 10. అప్పటికి ఏడెనిమిది సెకన్లే మిగిలాయి. అంటే మొత్తం మ్యాచ్ ఒక్క ప్రశ్న మీద ఆగి ఉంది: కిట్ ఉందా లేదా? ఉంది. దాని గుర్తు నా స్క్రీన్ మీద కనబడుతూనే ఉంది. ఆ క్షణంలో నేను మాత్రం అదే మ్యాప్‌లో నేను ఎలా ఆడేవాణ్ణో చెబుతున్నాను. అతను డిఫ్యూజ్ చేసి గెలిచేశాక గానీ నా నోట "అయ్యో, డిఫ్యూజ్ అయిపోయింది" అన్న మాట రాలేదు. వాళ్ళు అన్ని వారాలు కష్టపడి తెచ్చుకున్న క్షణాన్ని నేను చెప్పలేకపోయాను. ఆ రికార్డింగ్ ఇంకా దాచుకున్నాను.

మరి స్ట్రీమింగ్ దండగేనా అంటే కానే కాదు, దాని వల్ల వచ్చే లాభం వేరు. ఎవరూ లేని గదిలో నోరు తెరిచి మాట్లాడటం, సాఫ్ట్‌వేర్ మొరాయించినప్పుడు కంగారు పడకుండా సర్దుకోవడం, చెప్పిన టైముకి లైవ్‌లో ఉండటం, ఇవన్నీ అక్కడే వస్తాయి. చూసేవాళ్ళ సంఖ్య సున్నా అయినా సరే మాట్లాడుతూనే ఉండండి, కాకపోతే కబుర్లు కాకుండా మీరు తీసుకుంటున్న నిర్ణయాలు పైకి చెప్పండి: ఈ దారిన ఎందుకు వెళ్తున్నాను, ఈ ఆయుధం ఎందుకు కొన్నాను, ఎదుటివాడి దగ్గర ఎంత డబ్బు ఉండొచ్చు. రేపు అనలిస్ట్‌గా, అంటే ఆటని విడమరిచే కామెంటేటర్‌గా, చెప్పాల్సింది కూడా ఇదే. ఇంకో మాట, సంఖ్య చూపించే కౌంటర్‌ని దాచేయండి. అది కనబడుతున్నంతసేపూ మీ గొంతు దాన్ని బట్టి మారుతుంది, వినేవాళ్ళకి అది తెలిసిపోతుంది కూడా.

సామాను విషయానికొస్తే, ముందు మైక్ మీద ఖర్చు పెట్టండి, కెమెరా తర్వాత. బొమ్మ మసగ్గా ఉంటే జనం సర్దుకుంటారు, గొంతు బరబరమంటే వెళ్ళిపోతారు. గదిలో ఫ్యాన్ శబ్దం, కీబోర్డ్ చప్పుడు ఎక్కువైతే డైనమిక్ మైక్ నయం, అది దగ్గరి శబ్దాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది. నోటికి ఒక పిడికిలి దూరంలో, కొంచెం పక్కకి తిప్పి పెట్టుకోండి, ప, బ, ఫ అన్నప్పుడు వచ్చే గాలి సూటిగా తగలకుండా. స్ట్రీమింగ్‌కి, రికార్డింగ్‌కి వాడే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్ ఉచితం, దానితోనే మొదలుపెట్టండి. అందులో మీ గొంతుకి కంప్రెసర్ (హెచ్చుతగ్గుల్ని సర్దేది), లిమిటర్ (హద్దు దాటనివ్వనిది) ఫిల్టర్లు పెట్టుకోవచ్చు. గట్టిగా అరిచినప్పుడు కూడా మీటర్ ఎరుపు చివరిదాకా వెళ్ళి శబ్దం పగలకూడదు, అంతే చూసుకోండి. 1080పీలో 60 ఫ్రేములకి ట్విచ్ అనే స్ట్రీమింగ్ సైట్‌లో సాధారణంగా వాడేది 6000 కేబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా), కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ) 2 సెకన్లకొకటి. మీ అప్‌లోడ్ స్పీడ్ దానికి తగ్గట్టు లేకపోతే 720పీకి దిగండి, అందులో నామోషీ ఏమీ లేదు. వైఫై వద్దు, వైర్ పెట్టండి.

ఓబీఎస్‌లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం చాలామంది ముట్టుకోని ఒక సెట్టింగ్. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో రికార్డింగ్‌కి ఆరు ఆడియో ట్రాకులు ఉంటాయి. మీ మైక్‌ని ఒక ట్రాక్‌కి, గేమ్ శబ్దాన్ని ఇంకో ట్రాక్‌కి పంపండి. తర్వాత గేమ్ శబ్దం తీసేసి మీ గొంతు ఒక్కటే వినండి. మొదటిసారి వినడం కష్టంగా ఉంటుంది. "అంటే", "యాక్చువల్‌గా", "చూడండి చూడండి" అని ఎన్నిసార్లు అన్నారో అప్పుడు తెలుస్తుంది. ఒక కాగితం మీద గీతలు పెట్టి లెక్కపెట్టండి. నాకు "సో" అలవాటు ఉండేది, ఒక్క మ్యాచ్‌లో లెక్కపెట్టలేక మానేశాను. అది పోవడానికి నెల పైనే పట్టింది.

ఛానెల్ పెంచుకోవడం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, దాని మీద ఇప్పటికే బోలెడంత సమాచారం ఉంది. వారంలో రోజులు, టైము ఖాయం చేసుకోండి, మంచి క్షణాల్ని చిన్న క్లిప్పులుగా కత్తిరించి పెట్టండి, హక్కులు లేని పాటలు వాడకండి. 2020లో ట్విచ్‌లో కాపీరైట్ ఫిర్యాదులు వెల్లువెత్తినప్పుడు ఎంతోమంది పాత వీడియోలు తొలగించుకోవాల్సి వచ్చింది. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గానీ ఉండాలి. అది చేరడానికి ఏళ్ళు పట్టినా పట్టొచ్చు, కాబట్టి ఈలోపు ఉద్యోగమో చదువో మానేయకండి. ఒక్క ప్లాట్‌ఫామ్ మీదే అంతా పెట్టకండి కూడా. మైక్రోసాఫ్ట్ వాళ్ళ స్ట్రీమింగ్ సైట్ మిక్సర్‌కి 2019 ఆగస్టులో నింజా అంతటి స్ట్రీమర్ వెళ్ళాడు, ఏడాది తిరక్కుండానే, 2020 జూలైలో, మిక్సరే మూతపడింది.

ఇక క్యాస్టింగ్. జంటగా చెప్పేటప్పుడు ఇద్దరి పనులు వేరు. ప్లే-బై-ప్లే చెప్పేవాళ్ళు జరుగుతున్నది జరుగుతున్నట్టు చెబుతారు, అనలిస్ట్ అది ఎందుకు జరిగిందో, తర్వాత ఏం జరగొచ్చో చెబుతారు. కాల్పులు మొదలయ్యాయంటే అనలిస్ట్ వాక్యం మధ్యలో ఉన్నా సరే ఆపేయాలి. గొడవ చల్లారగానే ప్లే-బై-ప్లే వాళ్ళు ఊపిరి తీసుకుని మాట అవతలికి వదలాలి. ఇది చదివితే వచ్చేది కాదు, ఒకే మనిషితో పదే పదే కూర్చుంటే వస్తుంది. స్టార్‌క్రాఫ్ట్ 2 గేమ్‌లో టేస్ట్‌లెస్, ఆర్టోసిస్ అనే క్యాస్టర్ల జంటని వినండి, 2010 నుంచి కొరియాలో ఆ గేమ్ లీగ్ జీఎస్ఎల్‌కి ఇంగ్లీషులో చెప్పినవాళ్ళు, ఒకరి మాట ఎక్కడ ఆగుతుందో రెండోవారికి ముందే తెలిసినట్టుంటుంది. ఆ టేస్ట్‌లెస్ తమ్ముడు డే నైన్ 2009లో మ్యాచ్‌లని విడమరిచి చెప్పే సొంత షో మొదలుపెట్టి, ఆ దారిలో పేరు తెచ్చుకున్నాడు. మీకు అరిచే గొంతు లేదని బెంగపడుతుంటే ఆ దారి కూడా ఉంది. యాంకరింగ్ ఇంకో దారి, యూరప్‌లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ గేమ్ పోటీల్లో అందరికీ తెలిసిన షోక్స్ చరిత్ర, జర్నలిజం చదువుకుని అటు వచ్చినావిడ.

సాధన ఎలా చెయ్యాలంటే, కౌంటర్ స్ట్రైక్‌లో ప్రొఫెషనల్ మ్యాచ్‌ల డెమో ఫైళ్ళు (గేమ్‌లో తిరిగి చూసే రికార్డింగులు) దొరుకుతాయి, డోటా 2లో అయితే గేమ్‌లోనే రీప్లేలు చూడొచ్చు. ఫలితం తెలియని మ్యాచ్ ఒకటి ఎంచుకోండి, కామెంటరీ లేకుండా పెట్టుకుని మొత్తం మీరే చెప్పండి, మధ్యలో ఆపొద్దు, తప్పు పోయినా వెనక్కి వెళ్ళొద్దు. మర్నాడు వినండి. ఆ తర్వాతే అదే మ్యాచ్‌కి అసలు క్యాస్టర్లు ఏం చెప్పారో వినండి, ముఖ్యంగా వాళ్ళు ఎక్కడ మౌనంగా ఉన్నారో చూడండి. మొదటి ఇరవై మ్యాచ్‌లు ఎవరికీ చూపించకండి.

తెలుగులో చెప్పాలనుకునేవాళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. "ఎడమ వైపు పెట్టెల వెనక నుంచి వచ్చిన ఆ ప్లేయర్ స్నైపర్‌ని" అనేటప్పటికి స్నైపర్ చచ్చి రెండు సెకన్లు అయిపోతుంది, "కొట్టేశాడు" అన్న మాట ఆలస్యంగా వస్తుంది. అందుకే వేడి మీద ఉన్నప్పుడు వాక్యాన్ని తిప్పేయండి. "పడ్డాడు స్నైపర్! పెట్టెల వెనక నుంచి! ఇంకొకడు, ఇద్దరు పోయారు, ముగ్గురి మీద ఒక్కడు!" మనం ఇంట్లో ఆవేశంగా ఏదైనా చెప్పేటప్పుడు మాట్లాడేది ఇలాగే, మైక్ ముందుకి రాగానే పుస్తకంలా మాట్లాడబోయి దెబ్బతింటాం. స్మోక్, ఫ్లాష్, క్లచ్ (ఒక్కడే మిగిలి గెలవడం), ఎకో రౌండ్ (డబ్బు దాచుకునే రౌండ్) లాంటి మాటల్ని అనువాదం చెయ్యకండి, ఆడేవాళ్ళు వాడే మాటలు అవే. వాటి చుట్టూ ఉండే మాట మాత్రం మంచి తెలుగులో ఉండనివ్వండి. "చేతికందింది చేజారిపోయింది" అని సరైన చోట పడితే దానికి సాటి వేరే భాషలో దొరకదు.

మొదటి నిమిషం నుంచీ గొంతు చించుకోకండి. మొదట్లో వచ్చే పిస్టల్ రౌండ్‌కే పది అరుపులు అరిచేస్తే, నువ్వా నేనా అన్నట్టుండే 12-12 స్కోరు దగ్గర మీ దగ్గర ఏం మిగలదు. నేను మనసులో ఐదు మెట్లు పెట్టుకుంటాను, మామూలు రౌండ్ రెండో మెట్టు, ఐదో మెట్టు మ్యాచ్‌కి ఒకటి రెండుసార్లే. ఒక్కోసారి అన్నిటికన్నా మంచి కామెంటరీ నోరు మూసుకోవడమే, ఆ డిఫ్యూజ్ చప్పుడు ఒక్కటే వినబడనివ్వండి.

మ్యాచ్‌కి ముందు ఒక్క పేజీ నోట్స్ రాసుకోండి, పది పేజీలు వద్దు, లైవ్‌లో వెతుక్కోలేరు. ఎవరి పాత్ర ఏంటి, ఈ మ్యాప్‌లో ఈ మధ్య గెలుపోటములు, ఈ రెండు జట్ల మధ్య పాత లెక్కలేమైనా ఉన్నాయా. పేర్లు ఎలా పలకాలో ప్లేయర్లనే అడగండి, మొహమాటపడకండి. ఒక కుర్రాడి పేరు నేను ఫైనల్ మొత్తం తప్పు పలికాను, వాళ్ళ అమ్మగారు ఆ స్ట్రీమ్ చూశారని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఏ మ్యాచ్‌కీ అడగకుండా కూర్చోలేదు.

కాస్త పెద్ద టోర్నమెంట్‌కి వెళ్తే చెవిలో ప్రొడ్యూసర్ గొంతు ఉంటుంది. మీరు లైవ్‌లో మాట్లాడుతుండగానే "ఇరవై సెకన్లలో బ్రేక్", "రీప్లే వస్తోంది" అంటుంటారు, తర్వాత పది నుంచి వెనక్కి లెక్కపెడతారు, మీ వాక్యం సరిగ్గా సున్నా దగ్గర ముగియాలి. దీనికి ఇంట్లో సాధన ఉంది: ఒక చెవిలో వార్తలు పెట్టుకుని, ఎదురుగా ఉన్న పేపర్ పైకి చదవండి, చదివాక వార్తల్లో ఏం విన్నారో చెప్పడానికి ప్రయత్నించండి. మొదట్లో రెండూ పోతాయి, కొన్ని వారాలకి కుదురుతుంది. కెమెరా తిప్పేది అబ్జర్వర్, వాళ్ళు చూపించేదాన్నే చెప్పండి, మీరు మినీమ్యాప్‌లో ఇంకేదో చూశారని అటు పరిగెత్తితే చూసేవాళ్ళు తికమకపడతారు. ఇద్దరు క్యాస్టర్లు వేర్వేరు ఇళ్ళ నుంచి చెబుతుంటే ఇద్దరికీ బొమ్మ ఒకే టైముకి వస్తోందో లేదో ముందే సరిచూసుకోండి. ఒక్క సెకను తేడా ఉన్నా ఒకరు ముందే అరిచి రెండోవారి మాటని చంపేస్తారు.

గొంతుని చూసుకోవడం మర్చిపోకండి. మొదలవ్వడానికి పది నిమిషాల ముందు పెదాలు బుర్రుమనిపించడం, సన్నగా హమ్మింగ్, గొంతు కింది నుంచి పైకి మెల్లగా తీసుకెళ్ళడం. నీళ్ళు గుక్కలు గుక్కలుగా రోజంతా తాగుతూ ఉండాలి, మ్యాచ్ మధ్యలో ఒకేసారి లీటరు తాగితే లాభం లేదు. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అదే పోతుందిలే అనుకోవద్దు. స్వరతంతువుల మీద బొడిపెలు వస్తే నెలల తరబడి పని ఆగిపోతుంది.

పని దొరకడం అనేది ఎప్పుడూ చిన్న చోటే మొదలవుతుంది. కాలేజీ లీగులు, డిస్కార్డ్‌లో నడిచే వారాంతపు టోర్నమెంట్లు, వీటిల్లో కామెంటరీ చెప్పేవాళ్ళు దొరక్క నిర్వాహకులు తిప్పలు పడుతుంటారు. స్ట్రీమ్ సెటప్ కూడా నేనే చూసుకుంటాను, అవసరమైతే అబ్జర్వర్‌గా కూర్చుంటాను అని చెప్పండి, స్ట్రీమర్‌గా నేర్చుకున్నది అక్కడ బాగా అక్కరకొస్తుంది. మీ కామెంటరీ ముక్కలతో రెండు నిమిషాల రీల్ ఒకటి చేసుకోండి, మొదటి ఇరవై సెకన్లలోనే మీ మంచి క్షణం ఉండాలి, టైటిల్ యానిమేషన్లు వద్దు, వెనకాల పాట అసలే వద్దు, వాళ్ళు వినాల్సింది మీ గొంతు. అందులో ఒక నిదానమైన ముక్క కూడా పెట్టండి, మీరు ఆలోచన కూడా చెప్పగలరని తెలియాలి.

డబ్బు మాట ముందే, రాతలో. ఒక నిర్వాహకుడి మాట నమ్మి నాలుగు రోజులు క్యాస్ట్ చేశాను, ఫోన్లో ఒప్పుకున్న డబ్బు ఏడు నెలలకి సగమే వచ్చింది, చూపించడానికి నా దగ్గర ఒక్క మెసేజ్ కూడా లేదు. ఇప్పుడు చిన్న పనికైనా మెయిల్ పంపిస్తాను: ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని మ్యాచ్‌లు, రిహార్సల్ రోజుకి డబ్బు ఉందా, ప్రయాణం ఎవరిది, చెల్లింపు ఎన్ని రోజుల్లో, నా క్లిప్పులు నేను వాడుకోవచ్చా. నిజాయితీగా నడిపేవాళ్ళెవరూ దీనికి నొచ్చుకోరు.

ఒక గేమ్‌లో నిలదొక్కుకున్నాక రెండోది కూడా నేర్చుకోవడం మొదలుపెట్టండి. గేమ్ తయారుచేసిన కంపెనీ తలుచుకుంటే లీగ్ ఒక్క రోజులో పోతుంది. 2018 డిసెంబర్‌లో బ్లిజార్డ్ కంపెనీ తన హీరోస్ ఆఫ్ ద స్టార్మ్ గేమ్ లీగ్‌ని ఇక కొనసాగించమని ప్రకటించినప్పుడు ప్లేయర్లతో పాటు క్యాస్టర్లు కూడా వచ్చే ఏడాది పని లేకుండా మిగిలారు, వాళ్ళలో చాలామందికి ముందు రోజు దాకా ఆ సంగతే తెలియదు. రెండో గేమ్ మీ మొదటి గేమ్‌కి దగ్గరగా ఉంటే తేలిక. కౌంటర్ స్ట్రైక్ చెప్పేవాళ్ళకి వాలరెంట్‌లో రౌండ్ల నడక, డబ్బు లెక్క దాదాపు తెలిసిందే, 13 రౌండ్లు గెలవడం కూడా అంతే. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏజెంట్ల (ఆటలోని పాత్రల) శక్తులు, ఇంకా కొన్ని అంకెలు: అక్కడ స్పైక్ (ఆ గేమ్‌లో బాంబు) పేలడానికి 45 సెకన్లు, డిఫ్యూజ్‌కి 7, అదీ సగం దాకా చేసి వదిలేస్తే ఆ సగం అలాగే నిలిచి ఉంటుంది. ఎవరైనా స్పైక్ దగ్గరికి చేరగానే మీ కళ్ళు ముందు వెళ్ళాల్సింది ఆ సగం గీత దాటిందా లేదా అన్న చోటికి.