నోట్సులో ఎడమ పక్క ఖాళీ వదలండి

రాయడం మొదలుపెట్టే ముందే పేజీకి ఎడమ అంచు నుంచి రెండున్నర అంగుళాలు వదిలి నిలువు గీత గీయండి. పాఠంలో వినేది కుడివైపే, పొట్టి మాటల్లో రాయాలి. ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటూ పోతే చెయ్యి ఆడుతుంది గానీ బుర్రకేమీ ఎక్కదు. ఎడమ పక్క అప్పటికి ఖాళీ. అదే రోజు, ఇంకా గుర్తుండగానే, కుడివైపున్నది జవాబయ్యేలా అక్కడ ప్రశ్న రాయండి: "ఆకు పచ్చగా ఎందుకుంటుంది?" అన్నట్టు. చదివేటప్పుడు కుడివైపు కాగితంతో మూసి, జవాబు పైకి చెప్పండి. తడబడ్డ చోట చుక్క పెట్టండి. మర్నాడు ముందు ఆ చుక్కలే చూడాలి. మధ్యలో కరెంటు బిల్లు గుర్తొచ్చిందా, పేజీ అడుగున "బిల్లు" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లండి. దానికోసం ఫోన్ చేతిలోకి తీసుకుంటే ధ్యాస మళ్లీ కుదురుకోవడానికి చాలాసేపు పడుతుంది.